ఐదో వలయం టేపు

పోయిన వారం అమ్మడిని నేలమాళిగ మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా చంకలో ఆ పాత లాగ్‌బుక్కుతో అక్కడే ఉంది. ఇక కిందికి దింపుదాం.

ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ ప్రయోగశాలలో బంగారు కేంద్రకాలను కిరణంగా చేసి బంగారు రేకు మీదికి విసిరికొడతారు. బంగారమంటే మెళ్ళో వేసుకునేది అనుకునేరు, అంత లేదు. ఊదితే ఎగిరిపోయే రేకు అది. ఢీకొన్న కేంద్రకం రెప్పపాటులో కోటానుకోట్ల వంతు సేపు కుతకుతలాడి ముక్కలైపోతుంది. పొయ్యి మీద నీళ్ళ గిన్నె పెడితే ఏమవుతుంది? వేడెక్కుతూ పోతుంది. మరగడం మొదలయ్యాక మాత్రం ఎంత మంట పెట్టండి, ఇక వేడి పెరగదు. మంటంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. కేంద్రకం కూడా అలాగే మరుగుతుందా అన్నది వీళ్ళ ప్రశ్న. మరిగితే, శక్తి పెరుగుతున్నా ఉష్ణోగ్రత పెరగని చోటు ఒకటి ఉండాలి. గ్రాఫులో గీత అక్కడ బల్లపరుపుగా సాగాలి. ఆ గీత కోసం ఏడుగురు మనుషులు నాలుగేళ్ళుగా తిండీ నిద్రా సరిగ్గా ఎరగరు.

ఆశ మనిషి కళ్ళకు గంతలు కడుతుంది. అది తెలిసిన మనుషులు కాబట్టి వీళ్ళు ముందే తమ కళ్ళకు తామే గంతలు కట్టుకున్నారు. కొలతల్లో పదోవంతు మాత్రం చూసుకుని, దాంతో లెక్కకట్టే పద్ధతి తయారుచేసుకున్నారు. మిగతా తొమ్మిది వంతులకూ తాళం వేశారు. ఆ తాళం తీసే అంకె ఒక కవరులో ఉంది. కవరు ఈ మధ్యాహ్నం మూడింటికి అందరి ముందూ విప్పాలి. విప్పాక ఇక లెక్కలో చుక్క కూడా మార్చకూడదు. మారిస్తే, నచ్చిన జవాబు కోసం తిరగరాశారంటారు. అనాలి కూడా.

అమ్మడు ఆ లెక్క నడిపే మనిషి. అసలు పేరు జీతం కాగితాల మీద ఉంటుంది. మేనమామ అదే ప్రయోగశాలలో పనిచేస్తూ పది మందిలోనూ "అమ్మడూ" అని కేకేయడంతో, చివరికి డైరెక్టరు కూడా అమ్మడు గారూ అనడం మొదలుపెట్టాడు. నిన్న ఆమెకు రెండు సంగతులు కనబడ్డాయి. ఒకటి, కణాలను పట్టే తొమ్మిది వలయాల్లో ఐదోదాని పట్టికలో చివరి గడి పొంగిపొర్లుతోంది. రెండోది లాగ్‌బుక్కు ఆఖరి పేజీలో ఒక వాక్యం. "ఐదో వలయం గెయిను నాలుగుకు తెచ్చాను." గెయిను అంటే సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అమరిక. ఆ వాక్యాన్ని అడ్డగీతతో కొట్టేశారు. చేతిరాత మామయ్యది.

గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. అమ్మడు వర్క్‌షాపు తలుపు తోసింది.

మామయ్య బల్ల ముందు కూర్చుని, చిన్న బ్రష్షుతో పాత ఆంప్లిఫయరు పెట్టె దుమ్ము దులుపుతున్నాడు. శుక్రవారం ఆయన రిటైరవుతున్నాడు. ఆ రోజు ఆ పెట్టెను ముందు హాల్లో అద్దాల బీరువాలో పెట్టి, కింద ఆయన పేరు రాయించాలని డైరెక్టరు ముచ్చట పడ్డాడు. ముప్పై ఏళ్ళ పనికి అదొక గుర్తు.

"తిన్నావా?" అన్నాడు తలెత్తకుండానే.

"మామయ్యా, ఇది నీ రాతేనా?"

లాగ్‌బుక్కు బల్ల మీద తెరిచి పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. బ్రష్షు పక్కన పెట్టాడు.

"నాదే."

"నాలుగుకు తెచ్చానంటే, అంతకుముందు ఎంతలో ఉంది?"

"ఎనిమిదిలో."

అనుమానమే నిజమని తెలిశాక కూడా మనిషి ఎందుకు ఉలిక్కిపడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

"ఎన్ని రోజులు?"

"పంతొమ్మిది. కిరణం నడిచినన్ని రోజులూ."

"పది కిలోల కాటా మీద పన్నెండు కిలోల బస్తా పెడితే ఎంత చూపిస్తుంది మామయ్యా?"

"పదే చూపిస్తుంది. నాకు చెప్తావేంటే, తెలీదా?"

"తెలిసే ఊరుకున్నావా!" ఆమె గొంతు లేచింది. "గెయిను రెట్టింపైతే కాటా సగానికి పడిపోయినట్టే కదా. తక్కువ శక్తి కణాలు బాగానే పడతాయి. రోజూ అదే అమరికతో సరిచూసుకున్నాం కాబట్టి ఎవడికీ అనుమానం రాలేదు. గట్టిగా వచ్చినవన్నీ చివరి గడిలో కుప్పపడ్డాయి. ఆ గడిని మనం లెక్కలోంచి తీసేస్తాం. బాగా వేడెక్కిన ముక్కలు ఎక్కువగా వచ్చేదే ఐదో వలయంలోకి! మరి ఆ బల్లపరుపు గీత ఏంటి? కేంద్రకం మరిగిందా, మన కాటా ఆగిపోయిందా?"

"రెండూ అయ్యుండొచ్చు."

"అదే కదా నా ఏడుపు. ఏదో తెలీదు!"

మామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "నేనే తిప్పాను. తిప్పి మర్చిపోయాను. ఆఖరి రోజు చూసుకుని సరిచేశాను. రాసి, భయపడి కొట్టేశాను. పైకెళ్ళి అదే చెప్పు. శుక్రవారం పోయేవాడిని, నన్నేం చేస్తారు?"

ఇదిగో, అమ్మడికి అనుమానం వచ్చింది ఇక్కడే. ఈ మనిషి తప్పు ఒప్పుకునే రకం కాదు. ఒకసారి స్క్రూడ్రైవరు పోతే, తన సొరుగులోనే ఉందని చూపించినా, ఎవరో తెచ్చి పెట్టారని మూడు రోజులు వాదించాడు. అలాంటివాడు ముప్పై ఏళ్ళ పేరును తీసి పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు, కాఫీ ఇచ్చినంత తేలిగ్గా.

ఆమె చూపు పెట్టె మీదికి పోయింది. ఐదో వలయం గెయిను తిప్పే నాబ్ మీద పసుపుపచ్చ టేపు.

ఆ టేపు సంగతి చెప్పాలి. ప్రయోగశాలలో ఈయన్ని టేపు మామ అంటారు. నాబ్ తిప్పినవాడు వెంటనే దానిమీద టేపు అంటించి, అంకె వేసి, తేదీ వేసి, తన గుర్తు గీయాలి. టేపు ఉన్న నాబ్‌ను ఇంకెవరూ ముట్టుకోకూడదు. మార్చాల్సి వస్తే బ్లేడుతో అంచున కోసి, తిప్పి, పాత టేపు మీదే కొత్తది అంటించాలి. పీకకూడదు. గోడకు సున్నం వేసినట్టు పొర మీద పొర. పీకితే ఎవరేం చేశారో తెలియకుండా పోతుందని ఆయన చట్టం. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఆ చట్టం తప్పి ఆయన చేత చీవాట్లు తిన్నారు. సంతకాలు అర్థంకావడం లేదని బొమ్మ గుర్తులు పెట్టించిందీ ఆయనే. ఆయనది కత్తెర. ప్రయోగ నాయకుడిది గడియారం ముల్లు. అమ్మడిది పిచ్చుక.

పైటేపు మీద కత్తెర గుర్తు ఉంది, నాలుగు అంకె ఉంది, ఆఖరి రోజు తేదీ ఉంది.

"దీని కింద ఇంకో టేపు ఉంటుంది కదా," అంది అమ్మడు. "ఎనిమిదికి తిప్పినప్పుడు వేసింది."

మామయ్య చెయ్యి చటుక్కున నాబ్‌ను కప్పేసింది.

"వద్దమ్మా."

"చెయ్యి తియ్యి."

"నేను తిప్పానన్నాను కదే! నా మాట మీద నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంటే టేపు ఎందుకు మామయ్యా? నువ్వే కదా అంటావు?"

ముప్పై ఏళ్ళుగా ఆయన అందరికీ అప్పజెప్పిన మాట అది. చెయ్యి నెమ్మదిగా జారింది. అమ్మడు గోటితో అంచు లేపి, పైపొర ఒలిచింది.

కింద టేపు రంగు వెలిసిపోయింది. ఎనిమిది అంకె ఉంది. తేదీ ఉంది. మూలన, తోక పైకెత్తిన చిన్న పిచ్చుక.

ఆమె వేలితో ఆ పిచ్చుకను తాకింది. తోక దగ్గర సిరా కొంచెం అలుక్కుపోయి ఉంది. ఆ అలుకు చూడగానే ఆ రోజంతా ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. చేరి మూడు వారాలు కూడా కాలేదు. కిరణం రావడానికి ముందు రోజు, ఇదే గదిలో వలయాలు సరిచూస్తోంది. పరీక్షకు వాడే రేడియోధార్మిక పదార్థం బలహీనం, సంకేతం కనబడక గెయిను ఎనిమిదికి పెంచింది. చూసుకున్నాక నాలుగుకు దించాలి. ముట్టుకుంటే ముందు టేపు అని మామయ్య నూరిపోసిన అలవాటుకొద్దీ టేపు వేసి, పిచ్చుక గీస్తోంది. అప్పుడే తలుపు దగ్గర మామయ్య కనబడ్డాడు. మొహంలో రక్తం లేదు. "అక్కకు బాగోలేదు. రా" అన్నాడు. అంతే. వాళ్ళు ఆసుపత్రికి చేరేసరికి అమ్మ మాట్లాడే స్థితిలో లేదు. మర్నాటికి అమ్మే లేదు.

వారం తర్వాత తిరిగొచ్చేసరికి కిరణం నడుస్తోంది. నాబ్ మీద టేపు ఉంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. తప్పు జరగకుండా కాపాడాల్సిన టేపే తప్పును పంతొమ్మిది రోజులు భద్రంగా కాపాడింది. కంచే చేను మేసిందంటే ఇదే మరి.

"నేనా?" అంది అమ్మడు.

"నిన్ను లాక్కెళ్ళింది నేను. పని మధ్యలో ఉన్న మనిషిని వెనక్కి చూడనివ్వకుండా లాక్కెళ్ళాను. ఆ తర్వాతైనా నేనొచ్చి చూడాలి కదా? ఇది నా గది. ఆఖరి రోజు సర్దుతుంటే కనబడింది. చెబుదామనుకున్నాను. అప్పటికి నువ్వు పిలిస్తే పలికేదానివి కాదు. రెండు ముద్దలు తినిపించడానికి నాకు గంట పట్టేది. అలాంటి పిల్ల నెత్తిన ఇది కూడా పెట్టనా?"

"అందుకని నాలుగేళ్ళు నోరు మూసుకున్నావా? దీని మీద నేను థీసిస్ రాశాను మామయ్యా! పదిమందికి పాఠం చెప్పాను! రోజూ ఎదురుగా కూర్చుని, ఎలా వస్తోందే గీత అని అడిగేవాడివి!"

"అడిగేవాణ్ణి," అన్నాడాయన. "నువ్వే పట్టుకుంటావేమోనని అడిగేవాణ్ణి."

ఆ మాటకు అమ్మడికి కోపం రెట్టింపైంది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తుంది? అడ్డమైన ప్రశ్న ఒకటి వేస్తుంది.

"మరి నా టేపు ఎందుకు ఉంచావు? పీకి పారేస్తే పోయేది కదా. ఎవడికి తెలిసేది?"

మామయ్య ఆమెవంక విచిత్రంగా చూశాడు, అడక్కూడనిది అడిగినట్టు. "ముప్పై ఏళ్ళు అందరినీ తిట్టి, నా చేత్తో నేను పీకనా?"

అబద్ధమాడటానికి సిద్ధపడ్డాడు గానీ టేపు పీకడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు. ఇదీ మనిషి.

గడియారం రెండూ నలభై ఐదు దాటింది. ఆయన లేచి ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"ఇలా విను. లెక్క ఆపాలి, నిజమే. ఆపు. ఆంప్లిఫయరు మళ్ళీ కట్టి, ఎక్కడ ఆగిపోతోందో పరీక్షిద్దాం, రెండు రోజుల పని. కానీ తిప్పింది టేపు మామ అని చెప్పు. నీకు ముందు ముప్పై ఏళ్ళున్నాయి. నాకు మూడు రోజులున్నాయి. ఆ బీరువాలో పెట్టె పెట్టకపోతే నాకేం కొంప మునుగుతుంది? దుమ్ము దులిపే పని తప్పుతుంది."

చెప్పడానికి ఎంత బాగుంది! శాస్త్రానికి నష్టం లేదు, లెక్క బాగుపడుతుంది, ఆమె పేరు చెక్కుచెదరదు. అబద్ధం ఒక్కటే, అదీ ఇష్టపడి మోస్తానంటున్న మనిషి మీద. అమ్మడు పిచ్చుక టేపును జాగ్రత్తగా ఒలిచి, ఎడమ అరచేతికి అంటించుకుని మెట్లెక్కింది. టేపు మామ చట్టాన్ని ఆయన ఎదుటే ఉల్లంఘించిన మొదటి మనిషి ఆమే. ఆయన బ్రష్షు జేబులో పెట్టుకుని వెనకాలే నడిచాడు.

పైన సమావేశం గదిలో పొడుగు బల్ల. చుట్టూ ఏడు కుర్చీలు. బల్ల మధ్యలో తెల్ల కవరు, దాని నోటికి అడ్డంగా పసుపుపచ్చ టేపు, దానిమీద కత్తెర గుర్తు. ఎనిమిది నెలల కిందట అంకె రాసి లోపల పెట్టాక, అందరి ముందూ మామయ్యే అంటించాడు. అప్పటినుంచీ కవరు నాయకుడి బీరువాలో ఉంది.

నాయకుణ్ణి వెనకాల గడియారం సారు అంటారు. మూడంటే మూడే. రెండూ యాభై తొమ్మిదికి కాదు, మూడూ ఒకటికి కాదు. ఇవాళ ఎందుకో ఆయన అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నాడు.

"మొదలుపెడదాం. వరసగా చెప్పండి," అన్నాడు.

అక్కడి పద్ధతి ఏంటంటే, కవరు విప్పే ముందు ప్రతి ఒక్కరూ పైకి చెప్పాలి. అభ్యంతరం లేదని ఏడుగురూ అంటేనే విప్పుతారు. లెక్క నడిపినవాళ్ళు ఆఖరున చెప్పాలి.

"అభ్యంతరం లేదు," అన్నాడు మొదటివాడు. రెండో ఆవిడ కూడా అదే అంది. మూడోవాడికి డౌటు అని పేరు. లిఫ్టు ఎక్కేటప్పుడు కూడా ఇది పైకే పోతుందా అని అడిగే మనిషి. వాడు కూడా గొంతు సవరించుకుని, "నాకెందుకో ఇవాళ ఏ డౌటూ లేదు," అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మడు నవ్వలేదు. అరచేయి చెమర్చి టేపు జారుతున్నట్టుంది. పిడికిలి బిగించింది.

నాలుగు. ఐదు. గడియారం సారు "నాకూ లేదు" అనేసి ఆమెవైపు చూశాడు. "అమ్మడు గారూ?"

ఆమె నోరు తెరిచేలోపే గోడ దగ్గర స్టూలు కిర్రుమంది.

"సార్, ఆ అమ్మాయి కన్నా ముందు నేనొక మాట చెప్పుకోవాలి." టేపు మామ లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆ గదిలో ఆయన ప్రొజెక్టరు బాగుచేయడానికి తప్ప నోరు తెరవలేదు. "ఐదో వలయం గెయిను తప్పుగా ఉండిపోయింది. కిరణం నడిచినంత కాలం. తప్పు నాది."

గది గదంతా ఆయనవైపు తిరిగింది. జాలిగా కొందరు, తెల్లబోయి కొందరు. ఆ చూపులు అమ్మడు చూసింది. ముప్పై ఏళ్ళు ఈ మనుషులందరి చేతా తప్పులు దిద్దించిన మనిషిని ఎలా చూస్తున్నారో చూసింది. చూడలేకపోయింది.

లేచింది. నడుచుకుంటూ వెళ్ళి, అరచేతిలోని టేపు తీసి తెల్లటి తెర మధ్యలో అంటించింది. ప్రొజెక్టరు వెలుగు దానిమీద పడింది. ఎనిమిది అంకె, తేదీ, తోకెత్తిన పిచ్చుక. ఆ పిచ్చుక ఎవరిదో అక్కడ తెలియనివాళ్ళు లేరు.

"మామయ్య అబద్ధం చెప్తున్నాడు," అంది. "తిప్పింది నేను. మర్చిపోయింది నేను. ఆయన తప్పల్లా నన్ను దాచడమే. నాకు అభ్యంతరం ఉంది."

గోడ దగ్గర మామయ్య తల దించుకున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం ఆమెకు కనబడింది. ఎందుకో ఆ క్షణంలో ఆమెకు భయం పోయింది. నాలుగేళ్ళ పని కొట్టుకుపోతున్నా, ఈ చేతులు నావి, ఈ తప్పు నాది అని చెప్పుకున్నాక ఊపిరి మామూలుగా ఆడింది.

"డౌటుంది," అన్నాడు డౌటు మెల్లిగా. "ఇప్పుడొచ్చింది."

అందరూ గడియారం సారువైపు చూశారు. అభ్యంతరం అన్న మాట వినబడితే కవరు తిరిగి బీరువాలోకి పోవాలి. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. ఆయన మాత్రం తెచ్చిపెట్టుకున్న నవ్వొకటి నవ్వాడు.

"తొమ్మిదిట్లో ఒక్క వలయం. ఒక్క నాబ్. దానికోసం ఇంతమందిని వెనక్కి పంపుతామా? విప్పేద్దాం. తర్వాత కింద ఒక గమనిక రాసుకోవచ్చు."

"విప్పాక దిద్దడానికి లేదని మీరే అన్నారు సార్," అంది అమ్మడు.

"నేను అన్నదే నేను సడలిస్తున్నాను."

ఆయన చెయ్యి కవరు మీద పడింది. ఎప్పుడూ తొణకని మనిషి వేళ్ళు ఆ టేపు అంచు కోసం తడబడుతూ వెతుకుతున్నాయి. అంచు దొరికింది, కొంచెం లేచింది.

"ఆగండి సార్."

ఈసారి టేపు మామ గొంతులో బతిమాలడం లేదు. బల్ల దగ్గరికి వచ్చాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు, వంగి కవరు చూశాడు. నాబ్‌ల మీద, కేబుళ్ళ మీద, డబ్బాల మీద లక్ష టేపులు అంటించిన కళ్ళవి.

"ఎనిమిది నెలల కిందట దీనిమీద నేనొక్క పొరే వేశాను," అన్నాడు. "ఇప్పుడు రెండున్నాయి. కిందిది కోసి ఉంది. పై కత్తెర నేను గీసింది కాదు."